నార్ఫోక్ కౌంటీ పక్షులు

నార్ఫోక్ ఇంగ్లండు తూర్పు భాగంలో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న కౌంటీ. ముఖ్య పట్టణం నార్విచ్. ఉత్తరానా తూర్పునా సముద్రం, వాయవ్య మూలన వాష్ అనే పెద్ద అఖాతం, మిగిలిన వైపుల లింకన్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్ కౌంటీలు దీనికి హద్దులు. ఇంతవరకు ఇక్కడ నాలుగు వందలకు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. అందులో చాలా జాతులు గాలివాటున దారితప్పి ఒకటి రెండుసార్లు వచ్చిపోయినవే. ఏటా, తగిన కాలంలో, తగిన చోటికి వెళ్తే తప్పకుండా కనిపించే జాతులకూ, ఒకప్పుడు అంతరించి మళ్లీ స్థిరపడిన కొన్నింటికీ ఈ వ్యాసం పరిమితం.

పరిధి, వర్గీకరణ

సాధారణ పక్షి అన్న మాటకు ఇక్కడ రెండు రకాల ఉదాహరణలున్నాయి. వుడ్ పిజన్ అనే పెద్ద బూడిదరంగు పావురం కౌంటీలో పొలం, తోట, వీధి అన్న తేడా లేకుండా అంతటా ఉంటుంది. నాట్ అనే ఉల్లంకి జాతి పక్షి వాష్ బురద నేలల మీద వేల సంఖ్యలో ఉన్నా, తీరానికి పది కిలోమీటర్ల లోపలున్న పల్లెలో ఒక్కటీ కనిపించదు. రెండింటినీ సాధారణ జాతులుగానే లెక్కిస్తారు.

కాలాన్ని బట్టి ఈ పక్షులు నాలుగు తరగతులు: ఏడాది పొడుగునా ఉండే స్థిరవాసులు, వేసవిలో వచ్చి గూడు కట్టుకునేవి, చలికాలం గడపడానికి వచ్చేవి, వసంతంలోనూ శరత్తులోనూ దారిలో ఆగిపోయే బాటసారులు. ఈ హద్దులు కచ్చితమైనవి కావు. రాబిన్, బ్లాక్‌బర్డ్ స్థిరవాసులే అయినా, అక్టోబరులో స్కాండినేవియా నుంచి అవే జాతుల పక్షులు సముద్రం దాటి వచ్చి వాటిలో కలిసిపోతాయి (చూ. వలస).

భౌగోళిక నేపథ్యం

నార్ఫోక్‌లో చెప్పుకోదగ్గ కొండలు లేవు. పక్షుల వైవిధ్యానికి కారణం నేలలోనూ నీటిలోనూ ఉన్న తేడాలు. ఉత్తర తీరం పొడవునా ఇసుక తిన్నెలు, గులకరాళ్ల దిబ్బలు, ఉప్పునీటి చిత్తడి నేలలు వరసగా ఉన్నాయి. హన్‌స్టంటన్ దగ్గర మాత్రం ఎరుపు, తెలుపు పొరల సున్నపురాతి గోడ సముద్రానికి ఎదురుగా నిలుస్తుంది. ఆ గోడ అంచుల మీద ఫుల్మర్ అనే సముద్ర పక్షి గూడు పెడుతుంది. అక్కడి నుంచి తూర్పుకు, షెరింగమ్ పరిసరాల్లో ఒడ్డు మెత్తటి మట్టిగట్టు. అందులో శాండ్ మార్టిన్‌లు బొరియలు తవ్వుకుంటాయి.

తూర్పున ఉన్న బ్రాడ్స్ తక్కువ లోతున్న సరస్సుల సముదాయం. చాలాకాలం ఇవి సహజ సరస్సులనే అనుకున్నారు. మధ్యయుగంలో వంటచెరకు కోసం పీట్ మట్టి తవ్వగా మిగిలిన గోతుల్లోకి నీరు చేరి ఇవి ఏర్పడ్డాయని 1950లలో వృక్షశాస్త్రవేత్త జాయిస్ లాంబర్ట్ నిరూపించారు. నైరుతిలో సఫోక్‌లోకి కూడా విస్తరించిన బ్రెక్లాండ్ ఇసుక నేల. వర్షం తక్కువ, కుందేళ్లు ఎక్కువ. పశ్చిమాన ఫెన్స్ అనే పల్లపు భూములను శతాబ్దాల క్రితమే ఆరగట్టి సాగులోకి తెచ్చారు. మిగిలిన కౌంటీ అంతా బార్లీ, గోధుమ, షుగర్ బీట్ పండే పొలాలు. మనిషి చెయ్యి పడని ఆవాసం ఇక్కడ దాదాపు లేదు. పక్షుల సంఖ్యల్లో వచ్చిన హెచ్చుతగ్గులకు మూలాన్ని కూడా తవ్వకాల్లో, సేద్యంలో, వరదల్లో, వేటలో వెతకవలసి ఉంటుంది.

చరిత్ర

నార్ఫోక్ పక్షుల గురించి క్రమపద్ధతిలో రాసిన తొలి వ్యక్తి నార్విచ్ వైద్యుడు సర్ థామస్ బ్రౌన్ (1605–1682). స్పూన్‌బిల్ కొంగలు అంతకుముందు క్లాక్స్‌టన్, రీడమ్ గ్రామాల దగ్గర గూళ్లు పెట్టేవని ఆయన నమోదు చేశాడు. ఒక బిటర్న్ కొంగను ఇంటి ఆవరణలో పెంచి దాని తిండిని గమనించాడు. 19వ శతాబ్దంలో హెన్రీ స్టీవెన్సన్ 'ది బర్డ్స్ ఆఫ్ నార్ఫోక్' గ్రంథాన్ని మొదలుపెట్టాడు. తొలి సంపుటం 1866లో వచ్చింది. మూడో సంపుటాన్ని ఆయన మరణానంతరం థామస్ సౌత్‌వెల్ పూర్తిచేసి 1890లో వెలువరించాడు.

స్టీవెన్సన్ నాటికే నష్టం చాలావరకు జరిగిపోయింది. రాయలసీమ గడ్డిమైదానాల బట్టమేక పక్షికి దగ్గరి చుట్టమైన గ్రేట్ బస్టర్డ్ 1830ల చివరికల్లా బ్రెక్లాండ్ నుంచి తుడిచిపెట్టుకుపోయింది. అవోసెట్ 1840లలో బ్రిటన్‌లో గూడు కట్టడం మానేసింది. చిత్తడి నేలలను ఆరగట్టడం, గుడ్ల సేకరణ, తుపాకీ ఇందుకు కారణాలు. అరుదైన పక్షి కనిపిస్తే కాల్చి, గడ్డికూరి, అద్దాల పెట్టెలో పెట్టించడం ఆనాటి సంపన్నుల వేడుక. ఉత్తర తీరంలోని క్లే గ్రామం అలాంటి వేటగాళ్లకు పేరుమోసిన మజిలీ. లోపలి ప్రాంతంలోని స్కోల్టన్ మియర్ సరస్సులో బ్లాక్‌హెడెడ్ గల్‌ల గుడ్లను ఆహారం కోసం ఏటా వేల సంఖ్యలో ఏరి అమ్మేవారు.

1869లో వచ్చిన సముద్ర పక్షుల రక్షణ చట్టం మలుపుకు ఆరంభం. 1911లో హిక్లింగ్ ప్రాంతంలో ఎమ్మా టర్నర్, జిమ్ విన్సెంట్ ఒక బిటర్న్ పిల్లను కనుగొన్నారు. టర్నర్ దాన్ని ఫొటో తీశారు. బ్రిటన్‌లో అంతరించిందనుకున్న బిటర్న్ మళ్లీ గూడు పెడుతోందనడానికి అదే సాక్ష్యం. బ్లేక్నీ పాయింట్ 1912లో నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. 1926లో డాక్టర్ సిడ్నీ లాంగ్ చొరవతో క్లే చిత్తడి నేలలను కొని నార్ఫోక్ నేచురలిస్ట్స్ ట్రస్టును స్థాపించారు. కౌంటీ స్థాయిలో పనిచేసే ప్రకృతి సంరక్షణ ట్రస్టుల్లో బ్రిటన్‌లో ఇదే మొదటిది. ఇప్పటి పేరు నార్ఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్.

యుద్ధం కూడా ఒక పక్షికి కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు దిగకుండా సఫోక్ తీరపు పచ్చికబయళ్లను నీటితో ముంచారు. ఆ ఉప్పు మడుగుల్లో 1947లో అవోసెట్ తిరిగి గూడు కట్టింది. అక్కడి నుంచి క్రమంగా నార్ఫోక్‌కు వ్యాపించింది.

తీరం, బురద నేలలు

నార్ఫోక్ పక్షి సంపదలో పెద్ద వాటా వాష్‌ది. బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆటుపోటు మైదానాల్లో ఇది ఒకటి. చలికాలంలో మూడు లక్షలకు పైగా నీటిపక్షులు దీనిమీద ఆధారపడతాయి. పాటు సమయంలో నీరు వెనక్కి తగ్గగానే మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. పైకి ఖాళీగా కనిపించే ఆ బురదలో గుల్లలు, ఇసుక పురుగులు, సన్న నత్తలు కిక్కిరిసి ఉంటాయి.

ఒకే బురదలో ఇన్ని జాతులు మేయగలగడానికి ముక్కుల పొడవులో ఉన్న తేడా ముఖ్య కారణం. గ్రే ప్లవర్‌ది పొట్టి ముక్కు. పైపొరలో కదిలిన పురుగును కంటితో చూసి పరుగెత్తి పట్టుకుంటుంది. డన్లిన్, నాట్ కొంచెం లోతుకు పొడుస్తాయి. బార్‌టెయిల్డ్ గాడ్విట్, కర్లూ తమ పొడవాటి ముక్కులతో లోతున దాగిన పురుగులను లాగుతాయి. ఆయిస్టర్‌క్యాచర్ ఎర్రటి గట్టి ముక్కుతో గుల్లలను పగలగొట్టడమో, రెండు చిప్పల మధ్య ముక్కు దూర్చి తెరవడమో చేస్తుంది. నీరు చేరిన మడుగుల్లో నలుపు తెలుపు అవోసెట్ పైకి వంగిన ముక్కును అటూ ఇటూ ఊపుతూ సన్న జీవులను ఏరుకుంటుంది.

పోటు ఎక్కువగా ఉన్న రోజుల్లో, అంటే పౌర్ణమి, అమావాస్యల తరవాత, బురద పూర్తిగా మునిగిపోతుంది. అప్పుడు నాట్‌లు ఒక్కుమ్మడిగా లేచి, స్నెటిషమ్ దగ్గర గులకరాళ్ల తవ్వకం వల్ల ఏర్పడిన గుంటల ఒడ్లకు చేరతాయి. పక్కకు ఒరిగినప్పుడు ముదురుగా, తిరిగి మళ్లినప్పుడు వెండిలా మెరిసే ఆ గుంపులను చూడడానికి దూరప్రాంతాల నుంచి జనం తెల్లవారుజామునే వస్తారు. డేగను తప్పించుకోవడానికి కూడా ఈ గుంపు విన్యాసం ఉపయోగపడుతుంది.

వేసవిలో గులకరాళ్ల దిబ్బలు టర్న్‌లవి. శాండ్‌విచ్ టర్న్ బ్లేక్నీ పాయింట్‌లోనూ స్కోల్ట్ హెడ్ దీవిలోనూ పెద్ద గుంపులుగా గుడ్లు పెడుతుంది. బ్రిటన్‌లోని ఈ జాతిలో గణనీయమైన భాగం ఈ రెండు చోట్లనే ఉంటుంది. లిటిల్ టర్న్ వీటిలో చిన్నది. అది గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. రాళ్ల రంగులోనే ఉండే ఆ గుడ్లు నక్కలకు, ఎండ కాచుకోవడానికి వచ్చిన మనుషుల కాళ్లకు, ఒక్కోసారి పోటుకు బలవుతాయి.

గల్‌లు ఏడాది పొడుగునా ఉంటాయి. హెర్రింగ్ గల్ రేవు పట్టణాల్లో ఇళ్ల కప్పుల మీద గూడు పెడుతుంది. సందర్శకుల చేతిలోని చేప ముక్కను తన్నుకుపోతుందన్న ఫిర్యాదు దీనిమీదే ఎక్కువ. అయినా దేశవ్యాప్తంగా దీని సంఖ్య బాగా తగ్గింది. బ్లాక్‌హెడెడ్ గల్‌కు వేసవిలో ముదురు చాక్లెట్ రంగు తల ఉంటుంది. చలికాలంలో ఆ రంగు పోయి కంటి వెనక ఒక మచ్చ మాత్రం మిగులుతుంది.

బ్రాడ్స్, కిక్కిస పొదలు

బ్రాడ్స్ సరస్సుల చుట్టూ, తీరపు మంచినీటి మడుగుల్లో కొల్లేటి కిక్కిస లాంటి పొడవాటి గడ్డి దట్టంగా పెరుగుతుంది. ఇళ్ల కప్పులకు వాడే నార్ఫోక్ గడ్డి ఇదే. ఏటా చలికాలంలో కొంత భాగాన్ని కోయడం వల్ల పొదలు ముదిరి అడవిగా మారవు. కప్పు నేసేవాళ్ల అవసరం ఆ విధంగా పక్షుల అవసరమూ అయింది.

బిటర్న్ ఈ పొదల్లో దాగే గోధుమవన్నె కొంగ. కనిపించడం కష్టం గాని, వసంతంలో మగపక్షి గొంతు చాలా దూరం వినిపిస్తుంది. అందుకే లెక్కలు కూడా కూత విని వేస్తారు. 1997లో బ్రిటన్ మొత్తం మీద 11 మగపక్షులే కూశాయి. పొదలు ఎండిపోకుండా నీటిమట్టం నిలపడం, చేపలు తిరిగే కాలువలు తవ్వడం తరవాత ఆ సంఖ్య రెండు వందలు దాటింది.

మార్ష్ హారియర్ అనే గద్ద కథ కూడా ఇలాంటిదే. పురుగుమందుల వల్ల దీని గుడ్ల పెంకులు పలచబడి, 1971లో బ్రిటన్‌లో ఒకే ఒక జంట మిగిలింది, అదీ సఫోక్‌లో. డీడీటీ లాంటి మందులపై నిషేధం, గూళ్ల రక్షణ కలిసిరావడంతో ఇప్పుడు ఐదు వందలకు పైగా గూళ్లున్నాయి. నార్ఫోక్ పొదలపై ఇది ఇప్పుడు నిత్యం కనిపించే పక్షి.

బెగ్గురు జాతికి చెందిన కామన్ క్రేన్ దాదాపు నాలుగు వందల ఏళ్ల తరవాత 1979లో హార్సీ ప్రాంతానికి తనంతట తానే వచ్చింది. 1982లో తొలి పిల్ల రెక్కలు కట్టుకుని ఎగిరింది. స్పూన్‌బిల్ 2010లో హోల్కమ్ దగ్గర గుంపుగా గూళ్లు కట్టింది. బ్రౌన్ కాలం తరవాత బ్రిటన్‌లో ఏర్పడిన మొదటి స్పూన్‌బిల్ స్థావరం అదే. తెలుగునాట చెరువుగట్ల మీద నిత్యం కనిపించే చిన్న తెల్లకొంగ బ్రిటన్‌లో కొత్త పక్షి. 1996లో డార్సెట్ కౌంటీలో మొదటిసారి గూడు కట్టింది. ఇప్పుడు నార్ఫోక్ చిత్తడి నేలల్లో దానిని ఎవరూ వింతగా చూడరు.

వీటికన్నా చిన్నవి, సంఖ్యలో ఎక్కువవి: రీడ్ వార్బ్లర్, సెడ్జ్ వార్బ్లర్, రీడ్ బంటింగ్. బియర్డెడ్ టిట్ వేసవిలో పురుగులు, చలికాలంలో గడ్డి గింజలు తింటుంది. తిండి మారేటప్పుడు దాని జీర్ణావయవం కూడా గింజలు నూరడానికి తగినట్టు గట్టిపడుతుంది. నీటిపై బొల్లికోడి, జంబుకోడి, మల్లార్డ్ బాతు, మ్యూట్ స్వాన్ హంస ఎప్పుడూ ఉంటాయి. హోల్కమ్ పరిసరాల నుంచి వ్యాపించిన ఈజిప్షియన్ గూస్ 18వ శతాబ్దం నాటికే ఇంగ్లండు ఉద్యానాలకు తెచ్చిన ఆఫ్రికా పక్షి.

పొలాలు, ఇసుక నేలలు

పొలాల పక్షుల పరిస్థితి చిత్తడి నేలలకు పూర్తిగా భిన్నం. 1970 తరవాత బ్రిటన్‌లో పొలాల పక్షుల సంఖ్య మొత్తం మీద సగానికి పైగా పడిపోయింది. నార్ఫోక్ అందుకు మినహాయింపు కాదు. పూర్వం వసంతంలో విత్తే ధాన్యాన్ని ఇప్పుడు ఎక్కువగా శరత్తులోనే విత్తుతున్నారు. దాంతో చలికాలంలో గింజలు దొరికే కోతమళ్లు తగ్గాయి. స్కైలార్క్ రెండో విడత గుడ్లు పెట్టే సమయానికి పైరు ఎత్తుగా, దట్టంగా పెరిగి ఉంటోంది. పైరు మధ్యలో చిన్న చిన్న జాగాలు విత్తకుండా వదిలితే ఈ పక్షికి మేలు జరుగుతుందని తేలింది. ఆ పని చేసే రైతులకు ప్రభుత్వ పథకాల కింద డబ్బు అందుతుంది.

టర్టిల్ డవ్ గువ్వకు తగిలిన దెబ్బ అన్నిటికన్నా పెద్దది. కలుపు గింజలే దీని ఆహారం. కలుపు మందులు అవి దొరకకుండా చేశాయి. చలికాలానికి పశ్చిమ ఆఫ్రికాకు పోయే దారిలో వేట కూడా తోడయింది. గ్రే పార్ట్రిజ్, తీతువు జాతి లాప్‌వింగ్ కూడా తగ్గాయి. దీనికి ఎదురుగా, వేట వినోదం కోసం ఏటా పెంచి వదిలే ఫెజెంట్‌లు, ఫ్రాన్స్ నుంచి తెచ్చిన ఎర్రకాళ్ల పార్ట్రిజ్‌లు పొలాల్లో విరివిగా కనిపిస్తాయి.

షుగర్ బీట్ మాత్రం ఒక పక్షికి వరమైంది. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌లలో గుడ్లు పెట్టే పింక్‌ఫుటెడ్ గూస్ పెద్దబాతులు దుంప తీసిన చేలల్లో మిగిలిన ఆకులు, దుంపల తలలు మేస్తాయి. కొన్ని చలికాలాల్లో కౌంటీలో వీటి సంఖ్య లక్షకు చేరింది. రైతు వెంటనే దున్నేస్తే వాటికి తిండి ఉండదు, పక్కనున్న గోధుమ మొక్కల మీద పడతాయి. కోసిన చేనును కొన్నాళ్లు వదలమని రైతులను అందుకే కోరతారు.

బ్రెక్లాండ్‌లో పెద్ద పసుపు కళ్ల స్టోన్‌కర్లూ ముఖ్యమైనది. కుందేళ్లు కొరికి పొట్టిగా ఉంచిన గడ్డిలోనూ రాళ్ల చేలల్లోనూ గుడ్లు పెట్టి, చీకటిపడ్డాక మేతకు బయలుదేరుతుంది. 1922లో నాటడం మొదలైన థెట్‌ఫోర్డ్ అడవిలో చెట్లు నరికిన ఖాళీలను వుడ్‌లార్క్, నైట్‌జార్ వాడుకుంటాయి. యేర్ నదీలోయలో బకెనమ్ దగ్గర చలికాలపు సాయంత్రాల్లో రూక్, జాక్‌డా కాకులు పదుల వేలల్లో ఒకేచోట రాత్రి బసకు చేరతాయి.

తోటలు, ఊళ్లు

తోటల్లో బ్లాక్‌బర్డ్, రాబిన్, రెన్, డన్నక్, బ్లూ టిట్, గ్రేట్ టిట్, గోల్డ్‌ఫించ్, మాగ్‌పై సర్వసాధారణం. రాబిన్ నడిచలిలోనూ పాడుతుంది; అప్పుడు మగదీ ఆడదీ వేటికవే సొంత జాగాను కాపాడుకుంటాయి. బ్లూ టిట్ పిల్లల ఎదుగుదల ఓక్ చెట్ల గొంగళిపురుగులు పుష్కలంగా ఉండే కొద్ది వారాలకు సరిపోలాలి. గ్రీన్‌ఫించ్ సంఖ్య 2005 ప్రాంతంలో వ్యాపించిన ట్రైకొమోనోసిస్ వ్యాధితో కుప్పకూలింది. గింజల పళ్లేలను శుభ్రంగా ఉంచడం దాన్ని అరికట్టే మార్గాల్లో ఒకటి. ఊరపిచ్చుక, స్టార్లింగ్ కంటికి కనిపిస్తూనే ఉన్నా ప్రమాదస్థాయి జాబితాలో ఉన్నాయి.

దక్షిణాసియాలో, తెలుగునాట కూడా, విరివిగా ఉండే మెడపట్టీ గువ్వ 20వ శతాబ్దంలో బాల్కన్ ప్రాంతం నుంచి యూరప్ అంతటా వ్యాపించింది. బ్రిటన్‌లో అది మొదటిసారి గూడు కట్టింది 1955లో, నార్ఫోక్ తీరంలో క్రోమర్ సమీపాన. నార్విచ్ కథీడ్రల్ శిఖరంపై 2011లో అమర్చిన వేదిక మీద పెరిగ్రిన్ డేగలు గూడు పెడుతున్నాయి.

వలస

ఏప్రిల్, మే నెలల్లో ఆఫ్రికా నుంచి స్వాలో, స్విఫ్ట్, కక్కూ, వార్బ్లర్‌లు వస్తాయి. థెట్‌ఫోర్డ్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ 2011లో నార్ఫోక్ కక్కూలకు ఉపగ్రహ పరికరాలు అమర్చింది. అవి జూన్‌లోనే బయలుదేరి, సహారా దాటి, కాంగో అడవుల్లో చలికాలం గడుపుతున్నాయని ఈ పరిశీలన చూపింది.

శరత్తులో ప్రవాహం ఉత్తరం నుంచి, తూర్పు నుంచి ఉంటుంది. రెడ్‌వింగ్, ఫీల్డ్‌ఫేర్ స్కాండినేవియా నుంచి, నల్లపొట్ట బ్రెంట్ గూస్ సైబీరియా నుంచి, నాట్ గ్రీన్‌లాండ్, కెనడా ఉత్తర భాగాల నుంచి వస్తాయి. ఐదారు గ్రాముల బరువున్న గోల్డ్‌క్రెస్ట్ కూడా ఉత్తర సముద్రం దాటుతుంది. అక్టోబరులో తూర్పుగాలికి వాన, మంచు తోడైతే అలసిన పక్షులు బ్లేక్నీ పాయింట్ పొదల్లో వందల్లో వాలతాయి. వెల్నీ దగ్గర వరద మైదానాల్లో ఐస్‌లాండ్ నుంచి వచ్చే వూపర్ హంసలు పెరుగుతుండగా, రష్యా టండ్రా నుంచి వచ్చే బ్యూయిక్ హంసలు తగ్గుతున్నాయి. చలి తీవ్రత తగ్గడంతో అవి అంతదూరం రాకుండా యూరప్ ప్రధాన భూభాగంలోనే ఆగిపోతున్నాయి.

పిన్‌టెయిల్, షోవెలర్ బాతులు, బ్లాక్‌టెయిల్డ్ గాడ్విట్ చలికాలంలో ఇటు నార్ఫోక్‌లోనూ అటు కొల్లేరు, పులికాట్ సరస్సుల్లోనూ కనిపిస్తాయి. జాతులు ఒకటే గాని, ఆ గుంపులు వేరువేరు దారుల్లో ప్రయాణించేవి.

సంరక్షణ, సమస్యలు

సముద్రమే ఇక్కడ ప్రధాన సమస్య. 1953 జనవరి 31 రాత్రి వచ్చిన ఉప్పెన తీరపు గట్లను తెంచి, నార్ఫోక్‌లో సుమారు వందమంది ప్రాణాలు తీసింది. 2013 డిసెంబరు 5 నాటి ఉప్పెన క్లే, స్నెటిషమ్ రక్షిత ప్రాంతాలను దెబ్బతీసింది. ప్రతి గట్టునూ ఎప్పటికీ నిలపడం సాధ్యం కాదన్న అంచనాతో టిచ్‌వెల్ మార్ష్‌లో వేరే మార్గం పట్టారు. 2011 నాటికి అక్కడ కొంత భాగాన్ని ఉప్పునీటికి వదిలి, మంచినీటి మడుగులను లోపలి గట్లతో కాపాడారు. మంచినీటిలో ఉండే బిటర్న్ కోసం ఇదొక రాజీ, కాని తెలివైన రాజీ. 2022లో బ్రిటన్ సముద్ర పక్షుల్లో వ్యాపించిన బర్డ్ ఫ్లూ మరో పెద్ద దెబ్బ.

అడవి పక్షులన్నిటికీ, వాటి గూళ్లకూ గుడ్లకూ 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం రక్షణ ఇస్తుంది. వేటకు అనుమతించిన జాతులకు మాత్రం నిర్ణీత కాలంలో మినహాయింపులున్నాయి.

పరిశీలన

క్లే, టిచ్‌వెల్, స్నెటిషమ్, హిక్లింగ్, వెల్నీలలో చూపరుల కోసం చాటు గుడిసెలు, నడకదారులు ఉన్నాయి. స్నెటిషమ్‌కు వెళ్లేవారు ముందు పోటు వేళల పట్టిక చూసుకోవాలి; పోటు తక్కువగా ఉన్న రోజున పక్షులు దూరాన బురద మీదే ఉండిపోతాయి. చలికాలపు పక్షులకు అక్టోబరు నుంచి మార్చి వరకు, బిటర్న్ కూతకు మార్చి నుంచి మే వరకు, టర్న్‌లకు మే నుంచి జులై వరకు అనువైన కాలం. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు గులకరాళ్ల దిబ్బల మీద తాళ్లు కట్టిన భాగాల్లోకి అడుగుపెట్టకూడదు, కుక్కలను వదలకూడదు.